ఒంటికాలి పులి

వెంచర్‌లో పిల్లల పార్కు కోసం పోసిన ఇసుకలో, జారుడుబల్ల పక్కనే, పులి అడుగులు పడి ఉన్నాయి.

మొదట చూసింది వాచ్‌మన్ లాల్‌సింగ్. కేక కూడా వేయలేదు. గేటు దాకా వెనక్కి వెనక్కి నడిచి, అక్కణ్ణుంచి ఫోన్ చేశాడు. గంటలో వెంచర్ యజమాని మురళీకృష్ణ కల్లూరు నుంచి వచ్చాడు. వెనకే ఫారెస్ట్ రేంజర్, ఆయన కింద వాచర్‌గా పనిచేసే రాంబాబు.

రాంబాబు ఒక అడుగు చుట్టూ అట్టముక్క నిలబెట్టి, ప్లాస్టర్ పిండి కలిపి పోశాడు. గట్టిపడ్డాక పైకి తీస్తే, వేళ్లతో సహా తెల్లటి పులి పాదం చేతిలోకి వచ్చింది.

“నిరుడు నువ్వు వాగులో తీసిన పోత లాగే ఉంది, అచ్చంగా,” అన్నాడు రేంజర్. “అదే పులి మళ్లీ వచ్చిందన్నమాట.”

రాంబాబు తల ఊపాడు.

“ఆదివారం ఖమ్మం నుంచి రెండు బస్సుల్లో కొనే పార్టీలు వస్తున్నారు,” అన్నాడు మురళీకృష్ణ. “వాళ్లకి ప్లాట్లు చూపించాలా, పులిని చూపించాలా? ఎటు నుంచి వచ్చిందిది?”

రాంబాబు చెయ్యి చాపాడు. అడుగులు గూడెం వైపు నుంచి వచ్చాయి. అడవికీ వెంచర్‌కీ మధ్య ఉన్నది పన్నెండు ఇళ్ల ఆ కోయ గూడెమే. కొత్త మాస్టర్ ప్లాన్‌లో వంద అడుగుల రోడ్డు గీత సరిగ్గా ఆ ఇళ్ల మీదుగానే పోతుంది. ఖాళీ చేయమని రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ గూడెం పెద్ద జంపక్క “మేము లేవం” అంది. జంపక్క రాంబాబు తల్లి.

మురళీకృష్ణ చాలాసేపు గూడెం వైపే చూశాడు. తర్వాత రెండు ఫోన్లు చేశాడు. ఒకటి బస్సులు ఆపడానికి. రెండోది తహసీల్దారుకి.

మర్నాడు పొద్దున గూడెంలో మురళీకృష్ణ కారు ఆగింది. అందులోంచే తహసీల్దారు, రేంజర్ కూడా దిగారు.

“మీ ప్రాణాల కోసమే, జంపక్కా,” అన్నాడు తహసీల్దారు. “పులి తిరిగే తోవలో మిమ్మల్ని ఉంచితే రేపు అందరూ నన్నే అడుగుతరు. కాలనీలో ఇళ్లు రెడీగున్నయ్. మురళీకృష్ణగారే కట్టించిండ్రు.”

“ఆయనకేంది, మా మీద గంత ప్రేమ?”

“ఊరు పెరగాలంటే అందరం తలో చెయ్యి వెయ్యాలి కదమ్మా,” అన్నాడు మురళీకృష్ణ.

జంపక్క లేచి రేంజర్ ముందు నిలబడింది.

“నేను గూడ పోయి చూసిన సారూ. అన్నీ ఎడమ వెనక కాలే. కడమ మూడు కాళ్లు ఇంట్ల పెట్టొచ్చిందా మీ పులి?”

గూడెం గొల్లున నవ్వింది.

“నడిచేటప్పుడు పాదం మీద పాదం పడుతుందమ్మా,” అన్నాడు రేంజర్.

“ఎడమ కాలి మీద కుడి కాలు పడ్తదా?”

రేంజర్ గడియారం చూసుకున్నాడు. జంపక్క మురళీకృష్ణ వైపు తిరిగింది.

“ఏంది సారూ, పులిని కిరాయికి తెచ్చినవా?”

“నేనెందుకు తెస్తానమ్మా? ఆగిపోయింది నా బస్సులే కదా.”

తహసీల్దారు విసుక్కున్నాడు. “మమ్మల్ని నమ్మకపోతే నీ కొడుకునే అడుగు. కొలిచింది, రిపోర్టు రాసింది అతనే. అది దొంగదైతే కేసు కూడా అతని మీదే.”

అందరూ రేంజర్ వెనక నిలబడ్డ రాంబాబును చూశారు. జంపక్క కోయలో అడిగింది, నిజంగా పులేనా అని.

రాంబాబు తెలుగులో జవాబిచ్చాడు. “పులే.”

“ఇంకోసారి చెప్పు.”

“పులేనే అమ్మా.”

అడవిలో అడుగు చూసి జంతువును చెప్పడం వాడికి నేర్పింది ఆమే. కాసేపు కొడుకు ముఖంలోకి చూసింది.

“వాడు పులంటే పులే,” అని తహసీల్దారు చాపిన కాగితం మీద వేలిముద్ర వేసింది. మిగతా పదకొండు ఇళ్ల వాళ్లూ ఆమె వెనకే వేశారు.

వారం తిరక్కుండానే ట్రాక్టర్లు వచ్చాయి. తట్టలు, కోళ్లగంప, మంచాలు ఎక్కించారు. రాంబాబు ఒక సంచిని మాత్రం ఎవరినీ ముట్టనివ్వకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ట్రాక్టర్ కదలగానే జేసీబీ జంపక్క ఇంటి గోడను తోసింది. వెంచర్ గేటు దగ్గర లాల్‌సింగ్ కొత్త బోర్డు కడుతున్నాడు: ‘వంద అడుగుల రోడ్డుకు ఆనుకుని ప్లాట్లు’. అప్పుడే వచ్చిన రెండు బస్సుల్లోంచి జనం దిగుతున్నారు.

జంపక్క ఆ బోర్డును చదవలేదు. బస్సులను మాత్రం చూసింది.

“ఆ మురళీకృష్ణే చేసిండు,” అంది. “నీ కండ్లు గూడ కప్పిండు కొడకా. ఆ ఒంటికాలి పులిని తెచ్చినోని చెయ్యి పడిపోను.”

రాంబాబు చేతులు సంచిలోని నిరుటి పోత మీద బిగుసుకున్నాయి. ఈసారి కోయలోనే చెప్పాడు.

“కొనేటోళ్లు బెదరాలని, ఆ పులిని నేనే నడిపించిన అమ్మా.”