దారంతో తీసిన కొలత

“ఇది మా ఆయన ముక్కుకు పట్టేది కాదు. ఎవరి కోసమని ఇచ్చిన్రు మీరు?”

జమున సంచిలోంచి మాస్కు తీసి కౌంటరు మీద పెట్టింది. అబిడ్స్‌లో దవాఖాన సామాన్లు అమ్మే దుకాణమది. యజమాని శ్యామ్‌సుందర్ మాస్కును అటూ ఇటూ తిప్పి చూశాడు.

“స్మాల్ సైజు. మొన్న మీ ఆయనే వచ్చి మార్చుకపోయిండు కదమ్మా.”

“ఆయన ముఖం చాటంత ఉంటది. స్మాల్ ఏడ సరిపోతది?”

“జర కూసో. చిట్టీ చూసి చెప్త.”

అతను చిట్టీల కట్ట విప్పేలోపే జమున స్టూలు మీద కూర్చుని తూగింది. శ్యామ్‌సుందర్ రెండుసార్లు పిలిస్తే గానీ లేవలేదు.

“నిద్ర లేదా అమ్మా?”

“ఆ రిపోర్టు వచ్చినకాంచి నిద్రెక్కడిది సార్?”

“ఇగో చూడు. ముక్కు కొలత లేంది మాస్కు మార్చనన్న. మర్నాడు దారంతోని కొలిచి తెచ్చిండు.” చిట్టీకి గుచ్చిన దారం ముక్కను చూపించాడు.

మెరూన్ రంగు దారం. జమున దాన్ని చిట్టీ నుంచి పీకి చూసింది. అది తన కుట్టుమిషను సొరుగులోని రీలుదే. తన దారం పట్టుకెళ్లి ఈ మనిషి ఎవరి ముక్కు కొలిచినట్టు?

రాంచందర్ నాంపల్లిలో ఒక స్కూలు బస్సు డ్రైవరు. మధ్యాహ్నం ఖాళీ బస్సులో అతను గురక పెట్టడం ప్రిన్సిపాలు కంట పడింది. నిద్ర పరీక్ష రిపోర్టు తెస్తేనే బస్సు ఇస్తానన్నాడు. ఈ దుకాణంలోనే గడియారంలాంటి డబ్బా ఒకటి ఇచ్చి, మణికట్టుకు కట్టుకుని, దాని వైరు వేలికి తగిలించుకుని ఇంట్లోనే ఒక రాత్రి పడుకుంటే చాలన్నారు. ఆ రోజు పెళ్లివాళ్ల జాకెట్లు కుట్టి కుట్టి అలసిపోయిన జమున, అన్నం తింటూనే తూగి ఒళ్లు తెలియకుండా పడుకుంది. తెల్లారి లేచేసరికి రాంచందర్ డబ్బాను ప్యాక్ చేసి కూర్చున్నాడు.

గంటకు నలభై రెండు సార్లు ఊపిరి ఆగుతోందని రిపోర్టు వచ్చింది. వదిలేస్తే గుండెకే ముప్పని, నిద్రలో మాస్కు గుండా ముక్కులోకి గాలి పంపే మిషను రాసిచ్చాడు డాక్టరు. నెల రోజులు మిషను వాడినట్టు చూపించేదాకా గేటు దగ్గర కూర్చోమన్నాడు ప్రిన్సిపాలు.

మిషను ఇంటికి వచ్చాక జమునకు దిక్కు తోచలేదు. గొట్టం, బెల్టులు, నీళ్ల తొట్టి. తొట్టిలో నల్లా నీళ్లు పోయకూడదట. మాస్కు రోజూ, గొట్టం వారానికోసారి కడగాలట. గాలి లీకైతే తెర మీద ఒక బొమ్మ వస్తుందట. ఏ బొమ్మకు ఏ మీట నొక్కాలో తెలియక ఒకరోజు దాని ముందే కూర్చుని ఏడ్చింది. ఇంత చేస్తే ఆ మహానుభావుడు మాస్కు ముట్టనే ముట్టడు. పైగా, “ఒక్కసారి నువ్వు పెట్టుకొని చూడరాదు” అని ఆమెనే సతాయిస్తాడు.

“సార్, ఆ రిపోర్టు సరైందేనా?” జమున అడిగింది. “మెలకువ వచ్చినప్పుడల్లా ఆయన ఊపిరి లెక్కపెడుతున్న. గురక ట్రాక్టర్ లెక్కుంటది గానీ ఒక్కసారి కూడ ఆగలే.”

“రిపోర్టుల ఫరక్ ఉండదమ్మా. అనుమానముంటే ఇంకోసారి పరీక్ష చేయిస్తం.”

ఇంకో సంగతి జమున అతనికి చెప్పలేదు. ఈమధ్య ఎప్పుడు మెలకువ వచ్చినా రాంచందర్ లేచి కూర్చునే ఉంటున్నాడు. చేతిలో ఫోను. ఆమె కదిలితే చాలు, గబుక్కున బోర్లిస్తాడు.

అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా? దుకాణం మెట్లు దిగేసరికి దానికి పేరు కూడా దొరికింది. కమలకుమారి. బస్సులో పిల్లల్ని ఎక్కించి దింపే ఆయా. సన్నటి ముక్కు. జమున దారం ముక్కను కొంగున ముడేసుకుని, పొద్దుటి నుంచీ వదలని తలనొప్పితోనే మొజంజాహీ మార్కెట్ దాటి స్కూలు దాకా విసవిసా నడిచింది.

గేటు దగ్గర ఇద్దరూ టీ తాగుతున్నారు. కమలకుమారి లేచి నిలబడింది.

“రా వదినా, నీ గురించే మాట్లాడుకుంటున్నం. అన్నా, ఇగ దాచకు, చెప్పేయ్.” గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

జమున మాస్కునూ దారాన్నీ రాంచందర్ ఒళ్లో పడేసింది.

“ఎవరి ముక్కిది?”

“నీదే. నువ్వు పండుకున్నప్పుడు కొలిచిన.”

ఆమెకు కోపంతో పాటు ఏడుపూ వచ్చింది. “రోగం నీది, మాస్కు నాకా? నేను పెట్టుకుంటే మిషన్ల లెక్క పడతది, నీకు బస్సు ఇస్తరు, గదే కదా నీ తెలివి? మరి నీ పానానికేమన్న అయితే నా గతేంది?”

“బస్సు కోసం కాదు జమునా.”

“మరి ఫోన్ల ఏం చూస్తున్నవ్? నేను కదిలితే ఎందుకు దాస్తున్నవ్?”

“టైము చూస్తున్న.”

“దేని టైము?”

రాంచందర్ గేటు లోపలికి ఒకసారి చూశాడు. అతని కళ్లలో నీళ్లు చూసి జమున హడలిపోయింది. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆ మనిషి ఏడవగా ఆమె చూడలేదు.

“నౌకరీ పోతదని తప్పు చేసిన,” అన్నాడు గొంతు తగ్గించి. “స్కూలోళ్లకు తెలిస్తే ఈ గేటు కూడ ఉండదు. నీకు చెప్తే బుగులు పడతవని ఇన్ని దినాలు నోరు మూసుకున్న. గింత గురక పెట్టేటోనికి మంచి రిపోర్టు యాడికెల్లి వస్తది, చెప్పు?”

“అయితే?”

“ఆ రాత్రి ఆ డబ్బా నీ చేతికి కట్టిన.”