గోడ మీద సరస్సు

గెస్ట్‌హౌస్‌కి వచ్చింది మొదలు ఆమె గడప దాటలేదు.

గదికి వంక పెట్టడానికి లేదు. మెత్తటి పరుపు, రంగురంగుల బొంత, కిటికీకి పువ్వుల తెర. మంచానికి ఎదురుగా గోడ మీద ఓ పెద్ద బొమ్మ. నీలం సరస్సు, అందులో ఎర్ర పడవ, వెనకాల మంచుకొండలు. ఇంకొకరైతే ఆ గది చూసి ఎగిరి గంతేసేవాళ్లే. ఈమెకి మాత్రం అందులో ఊపిరాడటం లేదు.

ఇంటావిడ మరీ మంచిది. అదే వచ్చిన చిక్కు. భర్త పోయాక మేడ మీది గదిని ఇలా అద్దెకిస్తోంది. వచ్చినవాళ్లు కడుపునిండా తిని, కాళ్లు పీక్కుపోయేలా ఊరు చూసి వెళ్తే గానీ ఆవిడకి తృప్తి ఉండదు.

"అమ్మాయ్, గదిలో కూర్చుని గుడ్లు పెడతావా ఏంటి? అలా బజారు దాకా వెళ్లి రాకూడదూ?"

"తలనొప్పిగా ఉంది పిన్నిగారూ."

"నిన్న కాలు నొప్పన్నావు. రేపు ఏం నొప్పో ఇప్పుడే చెప్పు, మందు తెచ్చి పెడతా."

ఆమె నవ్వేసి తలుపేసుకుంది. వీధిలో కూరల బండివాడి కేక వినిపిస్తే చాలు, కిటికీ దగ్గర్నుంచి గబుక్కున వెనక్కి జరిగేది. బస్టాండు మాటెత్తితే ఇక సరేసరి. ఆ హారన్లు, ఆ తోపులాట, సూట్‌కేసు గుండెలకి హత్తుకుని ఎటు పోవాలో తెలీక బిక్కచచ్చి నిలబడటం! చివరికి ఏ బస్సూ ఎక్కకుండానే బయటికొచ్చి ఓ ఆటో ఎక్కి, "ఎక్కడైనా మంచి గది చూపించు బాబూ" అంటే అతను తెచ్చి దింపిన చోటు ఇది.

పోనీ, ఇంటికి వెళ్లిపోతే? అమ్మో!

ఒక్కసారైనా ఒంటరిగా నాలుగూళ్లు తిరిగి రావాలని ఆమెకి పెళ్లికి ముందు నుంచీ కోరిక. ఆ మాట బయటపెట్టిన రోజు ఇల్లంతా పడీపడీ నవ్వింది. "వీధి చివర కొట్టుకి వెళ్లాలన్నా తోడడుగుతావు, నువ్వా వదినా! మర్నాడే తిరిగొచ్చేస్తావు, కావాలంటే రాసిస్తా," అంది ఆడపడుచు. నవ్వనివాడు భర్త ఒక్కడే. "మా ఆవిడ వెళ్తుంది. ఆదివారం దాకా రాదు. చూస్తూ ఉండండి," అన్నాడు. ఈలోగా ఇంట్లో అడుగుపెట్టిందా, ఆ నవ్వు జన్మంతా వినాలి. దానికంటే ఆయన తలొంచుకోవాల్సి వస్తుందే, అదీ ఆమె బాధ.

సాయంత్రమైతే ఫోన్‌లో పిల్లనగ్రోవి మోగేది. భర్త తన నంబరుకి మాత్రమే పెట్టి ఇచ్చిన రింగు అది.

"ఏమోయ్, ఇవాళ ఏం చూశావు?"

"సరస్సు చూశానండీ. అందులో పడవ కూడా ఉంది."

అబద్ధమేం కాదు. మంచం మీద పడుకుంటే కనిపించేది అదేగా! అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఫొటో పంపమన్నాడని, ఫ్రేము పడకుండా దగ్గరగా వెళ్లి ఆ బొమ్మనే తీసి పంపింది.

"అబ్బ, ఎంత బావుందో! పనికెళ్లిన చోటల్లా చూపిస్తున్నా. దెబ్బకి మా చెల్లి నోరు మూతపడింది," అన్నాడాయన మర్నాడు.

ఫోన్ పెట్టేశాక ఆమె బొంతలో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అంతగా నమ్మిన మనిషిని ఇలా మోసం చేస్తున్నానే అని తన మీద తనకే అసహ్యం వేసింది.

శనివారం పొద్దున్నే గీజరు మొరాయించింది.

"చన్నీళ్లు చాలు పిన్నిగారూ, నాకు అలవాటే," అంది కంగారుగా.

"నా ఇంట్లో చన్నీళ్లు పోసుకుని జ్వరం తెచ్చుకుంటావా? చాల్లే. మెకానిక్‌ని పిలుస్తా."

"కొత్తవాళ్లెవరైనా గదిలోకొస్తే నాకు..." అని నసిగింది.

"కొత్తవాడెందుకు, మా సందు చివరతనే. ఎప్పట్నుంచో అతనే చేస్తున్నాడు."

ఆమె ప్రాణం కుదుటపడింది. తీరిగ్గా బట్టలు సర్దుకుని, సూట్‌కేసు మంచం కిందకి తోసింది. ఒక్క రాత్రి గడిస్తే చాలు, గట్టెక్కినట్టే.

కాసేపటికి మెట్ల మీంచి ఇంటావిడ కేకేసింది. "అమ్మాయ్, సందు చివరతనికి ఒంట్లో బాగాలేదట! ఇంకొకతన్ని పంపాడు. పైకి తీసుకొస్తున్నా!"

ఆ వెనకే మగమనిషి దగ్గు, పనిముట్ల సంచి చప్పుడు.

ఆమె కంగారుగా అటూ ఇటూ చూసింది. మంచం కింద దూరదామంటే సూట్‌కేసు అడ్డం. ఆలోచించే వ్యవధి ఎక్కడిది? ఒక్క అంగలో బాత్రూంలో దూరి గడియ పెట్టేసుకుంది. పెట్టుకున్నాక గానీ బుర్రకి తట్టలేదు, గీజరు ఉన్నది అందులోనే అని.

"స్నానానికెళ్లావా అమ్మాయ్? కానీ, కానీ. తొందరేం లేదు, అతను కూర్చుంటాడులే."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఊపిరి కూడా గట్టిగా తియ్యలేదు.

"పాపం, ఒక్కతే వచ్చిందయ్యా," బయట ఇంటావిడ కబుర్లు మొదలెట్టింది. "మంచి పిల్ల. కానీ ఏం భయమో ఏమో, గది దాటదు. ఏమయ్యా, ఆ బొమ్మనేంటి అలా గుడ్లప్పగించి చూస్తున్నావు?"

సంచి నేల మీద పెట్టిన చప్పుడైంది.

"ఇప్పుడెవరికయ్యా ఫోను?" అంది ఇంటావిడ.

మంచం మీద పిల్లనగ్రోవి మోగింది.