ఆఖరున చేరినవాడు

"ఆఖరున చేరినవాళ్ళు వెనక్కే!" అన్నాడు దస్తాన్, బయల్దేరబోతూ.

కొండెక్కే గుంపుకి దారి చూపేది అతనే. బిష్కెక్ నుంచి వచ్చాడు. ఈ కొండలకి కొత్త, ఈ వేసవే మొదలు.

"వెనక్కంటే?" అంది జూరా.

"కనుమ ఎల్లుండి మధ్యాహ్నంలోపు దాటాలి పెద్దమ్మా. ఆ తర్వాత వడగళ్ళు. అక్కడ ఎవరికోసమూ ఆగలేను. రేపు సాయంత్రం మకాంకి ఎవరు ఆఖరున చేరితే వాళ్ళు సామాన్ల గుర్రమెక్కి దిగిపోవాలి."

అందరూ జూరా మోకాలి పట్టీ వైపు చూశారు.

జూరాకి యాభై ఏడేళ్ళు. కరకోల్‌లో రొట్టెల కొట్టు. చిన్నప్పుడు వేసవులన్నీ ఆ కనుమ అవతలి పచ్చికబయల్లోనే, అమ్మ మేపే గుర్రాల వెంట గడిచాయి. వాటిని చూసి నలభై ఏళ్ళయింది.

మొదటి గంటలోనే అందరూ ముందుకెళ్ళిపోయారు.

'అయిపోయింది నా పని' అనుకుంది.

వెనక ఎవరో దగ్గారు. గుంపులోని మనిషే. రాయి మీద కూచుని బూటు తాడు కట్టుకుంటున్నాడు. నలభై లోపే ఉంటాయి. బక్కగా, ఎండకి మాడి ఉన్నాడు. పేరు తెమిర్‌కుల్ అన్నాడు.

"ఏం తమ్ముడూ, నాకంటే వెనకబడ్డావు?"

"పూలు చూస్తున్నానక్కా. ఈ దారిలో ఇన్ని పూలున్నాయని ఇప్పుడే తెలిసింది."

"ఆయాసమని చెప్పడానికి సిగ్గా?"

అతను నవ్వి లేచాడు.

జూరాకి ప్రాణం లేచొచ్చింది. తనకంటే చేతకానివాడు ఒకడున్నాడు!

"అడుగు చిన్నగా వెయ్యి. ముక్కుతో గాలి పీల్చు. ఎదర ఎంత ఉందో చూడకు, కాళ్ళ కింద చూడు."

"అలాగే అక్కా."

చెప్పినట్టల్లా చేశాడు. వాగు దగ్గర ఆమె చెయ్యిస్తే పట్టుకుని దాటాడు. నూనెలో వేయించిన బొర్సోక్ రొట్టెముక్కలు పెడితే తిన్నాడు. మళ్ళీ కూలబడ్డాడు.

"లే! నా వయసొస్తే ఏం చేస్తావు?" అని కసిరింది జూరా.

అతన్ని లేపడంలో పడి తన మోకాలి సంగతే మరిచిపోయింది.

రెండో రోజు సాయంత్రం మకాం కనిపించింది. గుర్రం సిద్ధంగా ఉంది. ఇంకో వంద అడుగులు.

జూరా ఆగిపోయింది.

"తమ్ముడూ, నేను చిన్నప్పుడన్నా చూశాను. నువ్వు ముందు నడు."

అన్నదే గానీ కనుమ మీదనుంచి చూపు తిప్పుకోలేదు.

తెమిర్‌కుల్ పిక్క పట్టుకుని నేల మీద చతికిలబడ్డాడు.

"కండ పట్టేసిందక్కా. నా వల్ల కాదు. మీరు వెళ్ళండి."

ఆమె వెళ్ళింది. చాలాసేపటికి అతను కుంటుతూ వచ్చాడు.

"నాలుగు రోజులు పొయ్యి దగ్గర కూచోవయ్యా!" అని ఎవరో ఎగతాళి చేశారు. అతనూ వాళ్ళతో కలిసి నవ్వి గుర్రమెక్కాడు.

జూరా బొర్సోక్ మూట అతని ఒళ్ళో పెట్టింది.

"ఒంట్లో సత్తువ లేదు నీకు. బాగా తిను. వచ్చే ఏడు రా, నేను దాటిస్తా."

"తప్పకుండా వస్తానక్కా."

మర్నాడు జూరా చిన్న చిన్న అడుగులేసింది. ఎదర ఎంత ఉందో చూడలేదు. పదకొండున్నరకల్లా కనుమ మీద నిలబడింది. దస్తాన్ గడియారం చూసుకుని, "పెద్దమ్మా, మీరేనా!" అన్నాడు.

కింద పచ్చికబయలు. పసుపూ ఊదా పూలు, తెల్లటి గుడారాలు, గుర్రాలు. అలాగే ఉంది. జూరా బూట్లు విప్పేసి, గడ్డిలో నడుచుకుంటూ వెళ్ళింది.

మొదటి గుడారం ముందు బత్మా అనే ఆవిడ కూచోబెట్టి, పులిసిన గుర్రప్పాలు గిన్నెనిండా పోసింది.

"ఎనిమిదిమంది అన్నారు, ఏడుగురే వచ్చారే?"

"ఒకణ్ణి వెనక్కి పంపేశారమ్మా. తెమిర్‌కుల్ అని. పాపం, అడుగు తీసి అడుగు వెయ్యలేడు. రెండు రోజులూ నేనే నడిపించాను. అయినా ఆఖరునే వచ్చాడు."

బత్మా గరిటె కింద పెట్టింది.

"బోస్తెరి ఊరి తెమిర్‌కులా? గడ్డం కింద కోసుకున్న మచ్చ?"

"అవును, అతనే. నీకు తెలుసా?"

బత్మా ఆమెని కాసేపు ఎగాదిగా చూసింది. తర్వాత గిన్నె మళ్ళీ అంచుదాకా నింపి, రెండు చేతులతో అందించింది.

"తెలియకేం అక్కా? ఏటా ఈ కనుమ మీద జరిగే పరుగు పందెంలో, ఏడేళ్ళుగా ఆ మనిషికంటే ముందు చేరినవాళ్ళు లేరు, మీరు తప్ప."