బాబుతో ఒక్క మాట

ఆరాధన ముగిసింది. మైపాడు చర్చి మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటున్న కరుణాకుమారి ముందుకు ఎవరో ఒకామె వచ్చి నిలబడింది.

“వందనాలమ్మా.”

“వందనాలు. ఏ వూరు మీది?”

“నెల్లూరు అవతలమ్మా. రెండు బస్సులు మారి వచ్చినా. మీ జడ్సన్ బాబుతో ఒక్క మాట మాట్లాడాల.”

కరుణాకుమారి ముఖం చిట్లించింది. దేవుడు మీ బిడ్డ గురించి నాతో మాట్లాడాడంటూ ఊరూరా తిరిగే ప్రవక్తలు ఈ మధ్య మరీ ఎక్కువయ్యారు. ఏ ఇంట్లో కష్టముందో వాళ్ళకి ఎట్లా తెలుస్తుందో, టక్కున వాలిపోతారు.

“ఏం మాట? నాకు చెప్పు.”

“బాబుకే చెప్పాలమ్మా. ఎన్నాళ్ళో ప్రార్థన చేసుకున్నా. ఇప్పటికి దేవుడు బలం ఇచ్చినాడు.”

“అట్టనా! నీకూ దర్శనం వచ్చిందా?”

ఆమె అర్థం కానట్టు చూసింది.

“మా సంఘంలో ఇట్లాంటివి నడవవు. పో తల్లీ, పో.”

స్త్రీల సమాజానికి కరుణాకుమారే అధ్యక్షురాలు. ఆ పూట సహోదర ప్రేమ గురించి వాక్యం చెప్పింది కూడా ఆమే. చాలా బాగా చెప్పిందని అందరూ మెచ్చుకున్నారు.

ఇంటికి వచ్చేసరికి కొడుకు జడ్సన్ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పళ్ళెంలో అన్నం అట్లాగే ఉంది.

ఎండాకాలంలో, వెంకటాచలం దగ్గర హైవే మీద, అతని కారు గుద్ది ఒక అమ్మాయి చనిపోయింది. పేరు షారన్. వాళ్ళూ విశ్వాసులే. జడ్సన్‌కి బెయిలు వచ్చింది గానీ, ఆ రోజు నుంచి మనిషి మనిషిగా లేడు.

“అమ్మా, ఒక్కసారి పోనీ. ఆ పిల్ల వాళ్ళమ్మ కాళ్ళు పట్టుకుంటా.”

“లాయరు వద్దన్నాడు గదా నాయనా. పోతే తప్పు ఒప్పుకున్నట్టేనంట.”

“క్షమించినానని ఆమె ఒక్క మాట అంటే చాలు. నేను బతుకుతా.”

“కేసు తేలిందాకా ఎవరూ కదిలేది లేదు” అన్నాడు తండ్రి జీవానందం హాల్లోంచి.

లాయరు మాటకి ఆ ఇంట్లో వాక్యం కంటే విలువ ఎక్కువ. షారన్ భూస్థాపనకి కూడా వాళ్ళెవరూ పోలేదు. ఆ ఇంటివాళ్ళ ముఖాలు ఎట్లా ఉంటాయో కూడా వీళ్ళకి తెలియదు.

తరువాతి ఆదివారం ఆ మనిషి నేరుగా ఇంటికే వచ్చింది.

“మళ్ళీ వచ్చినావా?” కరుణాకుమారి గేటు తియ్యలేదు.

“గేటు కాడ నిలబడే చెప్పిపోతానమ్మా. బాబును ఒక్క నిమిషం పిలువు.”

లోపలి నుంచి జడ్సన్ గొంతు వినిపించింది. “ఎవరమ్మా?”

“ఎవరూ లేరు. పడుకో నాయనా.”

ఆ మనిషి ఎండలో కాసేపు నిలబడి, కొంగు నెత్తిన కప్పుకుని బస్టాండువైపు నడిచిపోయింది.

ఆ వారంలోనే జడ్సన్ శవం అలల్లో దొరికింది.

సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవాడు, ఈత రాక కాదు. కాలు జారి పడ్డాడని జీవానందం అందరికీ చెప్పాడు. కరుణాకుమారికి అసలు సంగతి తెలుసు. ఆ తెలియడం పగవాళ్ళకి కూడా వద్దు.

సమాధుల తోటలో పాస్టరుగారు ప్రార్థన ముగించారు. ఒక్కొక్కరే గుప్పెడు మట్టి వేసి పక్కకి తప్పుకుంటున్నారు.

అందరూ అయ్యాక ఆ మనిషి వచ్చింది. మట్టి వెయ్యలేదు. గుంట పక్కన కూలబడి, పెట్టె వైపు చెయ్యి చాచి ఏడ్చింది.

“ఆలస్యం చేసినాను నాయనా! ఆలస్యం చేసినాను!”

కరుణాకుమారికి కోప్పడే ఓపిక కూడా లేదు. వచ్చి పక్కన కూర్చుంది.

“ఎవరమ్మా నువ్వు? నా బిడ్డకి ఏం చెప్పాలని ఇన్నిసార్లు తిరిగినావు?”

ఆమె కరుణాకుమారి చేతులు రెండూ పట్టుకుంది.

“బాబు అన్నం మానేసినాడని మా పాస్టరయ్య చెప్పినాడు. అది విన్నప్పటి నుంచీ నాకూ ముద్ద దిగలేదమ్మా. పేరు చెప్తే గేటు తియ్యరేమోనని భయపడి చెప్పలా.”

“ఏం పేరు?”

“నేను షారన్ వాళ్ళమ్మను.”