జోడు కుదరని చిప్పులు

సుబ్బరాయుడికి రావలసిన ఉద్యోగం పక్కింటి ముసలమ్మ వల్లే పోయింది. అందులో రెండో మాట లేదు.

ఎనభై ఎనిమిదిలో, నందిగామలో ఆయన రేడియో షాపు మూతపడింది. పోయిన భార్య కుట్టుమిషను బల్ల మీద, హైదరాబాదు నుంచి విడిభాగాలు తెచ్చుకుని ఒక కంప్యూటర్ తనే బిగించాడు.

సోమవారం జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీలో దాన్ని గంటసేపు ఆగకుండా నడిపి చూపాలి. నడిస్తే లారీలు తూచే కాటా దగ్గర దాంతో చీటీలు తీసే ఉద్యోగం ఆయనదే.

అది అరగంట కూడా నిలవడం లేదు.

శనివారం ఆయన గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే గుమ్మంలో కర్ర చప్పుడైంది. పక్కింటి భారతీదేవి తల్లి, పున్నమ్మ. వచ్చి వారమైంది. చూపు దాదాపు లేదు.

"పొద్దుట్నించి పదకొండుసార్లు ఆగి మళ్ళీ కూసింది నాయనా నీ మిషను. గోడవతల కూర్చుని లెక్కపెట్టా. మెమరీ చిప్పులు పాతవీ కొత్తవీ కలిపావా?"

"కలిపా. ప్రతి పాతదాని పక్కనా ఒక కొత్తది. కోడెని ముసలెద్దు పక్కన కడితేనేగా దారికొచ్చేది!"

ఆవిడ లోపలికొచ్చి, మూత తీసి ఉన్న పెట్టెలోకి వంగి చిప్పుల మీద వేలు నడిపింది.

"ఇది కాలుతోంది. పక్కది చల్లగా ఉంది. కోడె అయితే ముసలెద్దు కోసం ఆగుద్ది. ఇవి ఆగవు. పాతవన్నీ పీకేసి కొత్తవి ఒక్క వరసలో పెట్టు. గుర్తుండేది తగ్గుద్ది గాని, నిలబడుద్ది."

సరిగ్గా అప్పుడే తెర చీకటయింది.

"చెయ్యి తియ్యి! ఇదేమన్నా కుట్టుపనా, దారినపోయే ప్రతి ఆడమనిషీ వచ్చి చెప్పడానికి?"

పున్నమ్మ నవ్వింది. "కుట్టుపనే నాయనా."

"నడువమ్మా బయటికి."

తలుపు వేసుకున్నాడు. చిప్పుల్ని ముట్టుకోలేదు.

సోమవారం బస్సులో పెట్టెను ఒళ్ళో పెట్టుకున్నాడు. చిల్లకల్లు దగ్గర మలుపులో రెండు చేతులా అదుముకున్నాడు.

ఫ్యాక్టరీలో పందొమ్మిదో నిమిషానికి తెర చీకటయింది.

"ఇక చాలండి" అని మేనేజరు లేచి వెళ్ళిపోయాడు.

"నా తప్పు కాదండి! పక్కింటి గుడ్డిది చెయ్యి పెట్టింది. పున్నమ్మని..."

పరీక్ష కోసం హైదరాబాదు కంప్యూటర్ ఫ్యాక్టరీ నుంచి పిలిపించిన ఇంజనీరు భవానీప్రసాద్ చప్పున తలెత్తాడు.

"ఏ పున్నమ్మగారు? కూతురు భారతీదేవి దగ్గరున్నావిడా? ఏమన్నారు?"

"పాతవి పీకెయ్యమంది."

భవానీప్రసాద్ పెట్టె తెరిచాడు. పాతవి పీకేసి, కొత్తవి తొమ్మిదీ ఒక్క వరసలో గుచ్చాడు. సుబ్బరాయుడితో మెల్లగా ఏదో చెప్పాడు.

కంప్యూటర్ గంట దాటి నడిచింది. చూడ్డానికి మేనేజరు లేడు. సాయంత్రానికి ఉద్యోగం ఇంకొకడికి ఖాయమైంది.

ఇంటికి రాగానే గోడ మీదుగా భారతీదేవి పలకరించింది.

"అమ్మ మధ్యాహ్నం బస్సుకి హైదరాబాదు వెళ్ళిపోయింది బాబాయిగారూ. మీ మిషను నిలబడిందో లేదో ఉత్తరం రాయమంది. ఏం రాయను?"

"ఆ మాట నా దగ్గర ఇంకోసారి ఎత్తొద్దు."

తనకి పని నేర్పింది పున్నమ్మగారేననీ, చిప్పులు రాని రోజుల్లో తమ ఫ్యాక్టరీ మొట్టమొదటి కంప్యూటర్‌కి మెమరీ మొత్తం, ఆవగింజంత అయస్కాంతపు పూసల్లోంచి సన్న తీగ దూర్చి, చేత్తో కుట్టింది ఆవిడేననీ, చూపు ఆ కుట్టుపనిలోనే పోయిందనీ భవానీప్రసాద్ చెప్పిన సంగతి సుబ్బరాయుడు బతికినన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదు.