వాడెవడో చెప్పు

రవీందర్ మొదటి దెబ్బ ఆటో అద్దం మీద పడింది. రెండోది ముత్తన్న మూతి మీద.

ఎడపల్లి బస్టాండు దగ్గర సవారీల కోసం కూర్చున్న ముత్తన్నను కాలరు పట్టి కిందికి గుంజాడు.

"మొన్న బోధన్ దవాఖానకు నా పెండ్లాన్ని తీస్కపోయింది నువ్వే గదా?"

"పోయిన అన్నా. ఆడోళ్ల క్యాంపుకు. నవతక్క ఒక్కతే కాదు, ఆమెతోని..."

మాట పూర్తి కానివ్వలేదు రవీందర్. ఇంకో గుద్దుకు ముత్తన్న పెదవి చిట్లింది. పక్కనున్నవాళ్లు వచ్చి విడిపించేలోగా ఖాకీ చొక్కా ముందంతా నెత్తురైంది.

పొద్దున నవత స్నానానికి పోయినప్పుడు ఆమె ఫోను మోగింది. రవీందర్ ఎత్తాడు. నవత గారి భర్తేనా అని అడిగి, అవతలి ఆడ గొంతు గబగబా చెప్పింది. "నవత గారు ఇచ్చిన గర్భసంచి మూతి పరీక్షలో వైరస్ కనబడింది. వదిలేస్తే క్యాన్సర్ కావచ్చు. తొందరగా నిజామాబాద్ తీసుకెళ్లి చూపించండి."

రవీందర్ ఫోను పెట్టేశాడు. భార్యంటే ప్రేమ లేనివాడేం కాదు. ఆమెకేమీ చెప్పకుండా మందుల దుకాణానికి పరుగెత్తాడు.

"రామ్‌దాస్ అన్నా, గర్భసంచి మూతికి వైరస్ అంటుండ్రు, గీ రోగం ఎట్లొస్తదే?"

రామ్‌దాస్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "గాలికి, నీళ్లకు రాదు తమ్మీ. మొగోళ్లతోని కలిస్తెనే వస్తది."

గొంతు సరిగ్గా తగ్గలేదు. వెనక నిలబడ్డవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు రవీందర్ చెవుల్లో కందిరీగలా దూరింది. అక్కణ్నుంచి నేరుగా ముత్తన్న దగ్గరికి పోయాడు. చెరకు పనుల కాలంలో తాను ట్రాక్టరు తోలుకొని మహారాష్ట్ర పోయి నెలల తరబడి ఉండడం, అక్కడ ఎవరెవరి గుడిసెల్లోనో పండుకోవడం అతనికి గుర్తుకే రాలేదు.

ఇంట్లో అత్తాకోడళ్లు ఎదురెదురుగా కూర్చొని బీడీలు చుడుతున్నారు. వస్తూనే నవత జుట్టు పట్టి లేపాడు. తునికాకులు, తంబాకు నేలంతా చెదిరాయి.

"వాడెవడో చెప్పు!"

"ఎవడు? ఏమైంది?"

చెంప పగిలింది. "దవాఖాన నుంచి ఫోనొచ్చింది. రోగం తేలిందంట!"

నవత ముఖం పాలిపోయింది. ఆమె చూపు అత్త భీమవ్వ వైపు పోయింది. కాపాడమని అడుగుతున్నదనుకున్నాడు రవీందర్. భీమవ్వ మాత్రం కదల్లేదు. సగం చుట్టిన బీడీ ఆమె వేళ్ల మధ్యే ఉండిపోయింది.

"ముత్తన్ననా? చెప్పు!"

"ఎవ్వలు లేరు. నేను ఏ తప్పు చెయ్యలే."

"మరి రోగం ఆకాశంల నుంచి ఊడిపడ్డదా?"

నవత ఏదో చెప్పబోయి పెదవులు బిగించింది. డొక్కలో తన్నాడు. ఆమె గోడకు కొట్టుకొని కూలబడింది.

"కొడ్తె కొట్టు. కని ఒర్రకు. వాడకట్టంత వింటది," అంది, ఊపిరి అందక.

"ఇప్పుడు యాదికొచ్చిందా ఇజ్జత్?" మళ్లీ తన్నాడు.

ఆ చప్పుడుకు పక్కింటి అనసూయమ్మ ఉరికొచ్చింది. వాడకట్టు ఆడవాళ్లను క్యాంపుకు బయలుదేరదీసింది ఆమే.

"నీకేం పిచ్చి లేసింది రవీందర్! పెండ్లయిన ఆడోళ్లకు గది మొగని నుంచే అంటుకుంటది ఎక్కువ. ఏండ్లకేండ్లు సప్పుడు లేకుంట లోపల్నే ఉంటది. చిన్నప్పుడే పెండ్లయి, కాన్పు మీద కాన్పయినోళ్లకు ఇంకింత భయమని డాక్టరమ్మ చెప్పింది. పరీక్షకు రమ్మంటె పేరు చెప్పనీకె సిగ్గుపడ్డరు ఆడోళ్లు. గిందుకే! ముందు నువ్వు మహారాష్ట్రల ఎక్కడెక్కడ తిరిగినవో గది చెప్పు!"

ఆ మాట రవీందర్‌కు తగలవలసిన చోటే తగిలింది. తగిలింది కాబట్టే ఒళ్లంతా మంటలేచింది. అనసూయమ్మను రెక్క పట్టి బయటికి నెట్టి తలుపు గడియ పెట్టాడు. ఆమె బయటినుంచి తలుపు బాదుతూ అరుస్తోంది.

"అందరు కలిసి నా మీదికి తోస్తుండ్రా?"

గోడకు వేలాడుతున్న చెరకు నరికే కత్తి అతని చేతిలోకి వచ్చింది. నవత చేతులు అడ్డం పెట్టుకొని కళ్లు మూసుకుంది. ఇప్పుడు కూడా ఆమె నోరు విప్పలేదు.

కత్తి దిగలేదు. భీమవ్వ ఎప్పుడు లేచిందో, పదునును ఉత్త చేత్తో పట్టుకుంది. ముంజేతి మీదుగా నెత్తురు ధారగా కారుతోంది.

"అవ్వా, ఇడువు! తిరుగుబోతుదాన్ని ఎనకేసుకొస్తవా?"

"ఎవలురా తిరుగుబోతు?" ముసలామె పట్టు సడలలేదు. "పదిహేనేండ్లకు మీ బాపు ఎంట ఈ ఇంటికొచ్చిన. ఏడుగుర్ని కన్న. ముగ్గుర్ని మట్టిల పెట్టిన. మీ బాపు పోయినంక ఇంకో మొగోని మొకం దిక్కు సూడలే. ఆయన ఉన్నప్పుడూ సూడలే."

"నీ సంగతి ఎవలడిగిండ్రే అవ్వా!"

"నువ్వే అడుగుతున్నవు."

"అత్తా, వద్దు!" నవత గట్టిగా అరిచింది. అన్ని దెబ్బలకూ అరవని మనిషి.

భీమవ్వ కోడలి వైపు ఒకసారి చూసి, కొడుకు కళ్లలోకి చూసింది.

"దాని పేరు చెప్పి పరీక్ష చేయించుకున్నది నేనురా."