సున్నా వేసిన చెయ్యి

ముందుగా ఒక మాట. అక్షరాలు వయసు మళ్ళాక నేర్చుకున్నదాన్ని. ఒత్తులూ దీర్ఘాలూ అటూ ఇటూ అయితే మన్నించండి. రాయడం నిదానం, మీరూ నిదానంగానే చదవండి.

"సున్నా! నా కథకు ఎవడో సున్నా వేసిండు మేడం!"

సక్కుబాయి ఫోను ఊపుకుంటూ వచ్చిన ఊపుకి ముందు బెంచీ పక్కకు జరిగింది. అది కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంటు కింద, కార్లు పెట్టే చోటికి ఆనుకుని ఉన్న గది. శనివారాలు హరిత అనే సాఫ్ట్‌వేర్ అమ్మాయి అక్కడ పనివాళ్ళకు ఇంగ్లీషు చెబుతుంది. ఈసారి ఆన్‌లైన్‌లో ఒక చిన్న కథల కోర్సు పట్టుకొచ్చింది. తలా ఒక కథ ఇంగ్లీషులో రాసి పంపాలి. కోర్సు ఆ కథల మీద పేర్లు తీసేసి, తలా మూడు పంచుతుంది. మార్కులు వేసేదీ ఆ రాసినవాళ్ళే.

"మిగతా ఇద్దరూ పూర్తి మార్కులు వేశారు కదండీ," అంది హరిత.

"ఆ సున్నాతోనే ఫెయిలైన! పాసైతే ప్లేస్కూలోళ్ళు పిల్లలకు కథలు చెప్పే కొలువు ఇస్తమన్నరు. ఇగ బోళ్ళు తోముకుంటనే ఉండాల్నా?"

అంటూ వెనక్కి తిరిగి వాచ్‌మన్ రామన్నను గుచ్చి గుచ్చి చూసింది.

"నన్నెందుకు గట్ల చూస్తవ్ అక్కా?"

"నువ్వే! నా కథ కొట్టేసిందీ నువ్వే, సున్నా వేసిందీ నువ్వే."

"కొట్టేయడమేంటండీ?" హరిత ఆశ్చర్యపోయింది.

సక్కుబాయి గొంతు కాస్త తగ్గింది. "నా పెనిమిటి రోజూ పేపరు చదివి వినిపిస్తుండె. మన బిడ్డ పుట్టిందని పేపర్ల పడ్డదని ఒక ముక్క కత్తిరించి దాచిండు. ఆయన పోయినంక నేను అక్షరాలు నేర్చి చూస్తే, అది ఎరువుల ప్రకటన. ఆయనకు చదువే రాదు. గదే రాసిన మేడం. మార్కులేయమని నాకొచ్చిన మూడింట్ల ఒకటి అచ్చం గదే! నా పెనిమిటినే ఎత్కపోతే ఊరుకుంటనా? సున్నా గుద్దిన. గా కోపానికే నాకు మళ్ళ సున్నా పెట్టిండు."

"నీ పెనిమిటి ముచ్చట నాకేమెరుక? నేను రాసింది లిఫ్టుల ఇరుక్కున్న కుక్క కథ," అన్నాడు రామన్న.

"కుక్క కథ నీదా? మంచిగుండె. నిండ మార్కులేసిన," అని ఒప్పుకుంది సక్కుబాయి. వెంటనే తేరుకుంది. "అది పైకి చూపెట్టనీకి రాసినవ్!"

"ఎవరి కథ ఎవరికి వస్తుందో, ఆ పద్ధతులన్నీ మొదటి వారమే చెప్పాను కదండీ," అంది హరిత.

"ఆ దినం జీడిమెట్లల పెండ్లికి పోయిన. అయినా పద్ధతులు చెప్తే దొంగలు ఆగుతరా?"

హరిత నవ్వు ఆపుకుంది. "సున్నాని మార్చవచ్చండీ. కానీ వేసినవాళ్ళే మార్చాలి, అదీ ఈ సాయంత్రం లోపు. మీరు తిట్టకుండా అడగాలి."

"కాళ్ళు పట్టుకుంట. మార్చినంక తిడత."

"జర వాని పేరు చూపెట్టుండ్రి మేడం," అన్నాడు రామన్న. "ఇంతమందిల నా ఇజ్జత్ పోతున్నది."

మార్కులు వేసినవాళ్ళ పేరు, వయసు, ఊరు టీచరుకు మాత్రమే కనబడతాయి. హరిత ఆ పేజీ తెరిచి, లాప్‌టాప్‌ను సక్కుబాయి వైపు తిప్పింది. గది అంతా మెడలు చాచింది. సక్కుబాయి కళ్ళజోడు సర్దుకుని, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"సక్కుబాయి, అరవై రెండేళ్ళు, కొండాపూర్."